తలలో గొట్టం ఉంది, చేతిలో కాగితం లేదు

మోప్కాలో ఒక తెలుగు ఇల్లు అనుకోండి. తాత కాలంలో రైల్వే కొలువు కోసం విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చేసిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, ఛత్తీస్‌గఢీ. కోడలు తొలి కాన్పుకు ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వెళ్లింది. పాప పుట్టిన మూడో నెలలో తల పెరుగుదల తేడాగా ఉందని గుర్తించి విశాఖలో ఆపరేషన్ చేయించారు. అంతా బాగానే జరిగింది. అయిదో నెలలో తల్లీబిడ్డలు మోప్కాకు తిరిగొచ్చారు. మూడేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. మధ్యాహ్నానికి మందకొడిగా తయారైంది. సాయంత్రానికి లేపినా కళ్లు తెరవడం లేదు.

బిలాస్‌పూర్‌లోని ఏ డాక్టరైనా ముందుగా అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ షంట్ వేశారు? వాల్వ్ పీడనం ఎంత? ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసిన స్కాన్ ఉందా? జవాబులన్నీ డిశ్చార్జి కాగితంలో ఉన్నాయి. ఆ కాగితం 600 కిలోమీటర్లకు పైగా దూరాన, అమ్మమ్మగారి బీరువాలో ఉంది.

ఈ ఇల్లు కల్పితం. కానీ పురుడు ఒక రాష్ట్రంలో, కాపురం మరో రాష్ట్రంలో ఉండే రైల్వే కుటుంబాల్లో ఇది జరగడానికి ప్రత్యేకమైన దురదృష్టమేమీ అక్కర్లేదు. మామూలుగా ఉంటే చాలు. షంట్ వేసిన పిల్లల విషయంలో మన వైద్య వ్యవస్థ ఆపరేషన్ బల్ల దగ్గర చూపే శ్రద్ధను ఆ తర్వాతి ఏళ్లలో చూపడం లేదు. అసలు ప్రమాదం మాత్రం ఆ తర్వాతి ఏళ్లలోనే పొంచి ఉంటుంది.

మెదడు లోపల జఠరికలనే నాలుగు గదులుంటాయి. వాటిలో నీరులాంటి తేటైన ద్రవం నిరంతరం ఊరుతూ, మెదడునూ వెన్నుపామునూ చుట్టి, చివరికి రక్తంలో కలుస్తుంది. పెద్దవారిలో రోజుకు సుమారు అర లీటరు తయారవుతుంది. ఏ క్షణంలో చూసినా తలలోనూ వెన్నులోనూ ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. అంటే ఈ నీరు రోజుకు మూడు నాలుగు సార్లు పూర్తిగా మారిపోతుంది. దారిలో ఎక్కడ అడ్డు పడినా గదులు ఉబ్బుతాయి. దీన్నే హైడ్రోసెఫాలస్ అంటారు, వాడుకలో తలలో నీరు చేరడం. పుట్టుకతో వచ్చే వెన్ను చీలిక, నెలలు నిండని బిడ్డల మెదడులో రక్తస్రావం, కణితులు దీనికి కారణాలు. మన దేశంలో క్షయ మెదడు పొరలకు సోకడం మరో పెద్ద కారణం.

షంట్ అంటే ఆ నీటికి వేసే పక్కదారి. జఠరికలోకి ఒక సిలికోన్ గొట్టం, చెవి వెనక చర్మం కింద ఒక వాల్వ్, అక్కడి నుంచి మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందే కడుపు దాకా మరో గొట్టం. కడుపులోని పొర ఆ నీటిని పీల్చుకుంటుంది. బ్యాటరీ లేదు, మోటారు లేదు. పీడనం తేడా ఒక్కటే దాన్ని నడిపిస్తుంది. చూడటానికి ఇంత తేలికైన పరికరం ఇన్ని తిప్పలు పెడుతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

తిప్పలు ఎక్కడ మొదలవుతాయో తెలియాలంటే పెరట్లో నీళ్ల డ్రమ్ము గుర్తు చేసుకుంటే చాలు. డ్రమ్ములో పైపు ముంచి, రెండో కొసను నోటితో ఒకసారి పీల్చి కిందికి వదిలితే నీళ్లు వాటంతటవే వస్తాయి. పైపు కొస ఎంత దిగువన ఉంటే అంత జోరుగా వస్తాయి. షంట్ వేసిన బిడ్డ పడుకున్నప్పుడు తల, కడుపు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. మధ్యరకం వాల్వ్ సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి పీడనానికి తెరుచుకుంటుంది. లెక్క సరిపోయింది. ఇప్పుడు బిడ్డను లేపి కూర్చోబెట్టండి. తల నుంచి కడుపు దాకా 40 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే గొట్టంలో 40 సెంటీమీటర్ల నీటి స్తంభం నిలబడి కిందికి లాగుతుంది. పాదరసం లెక్కలో అది సుమారు 29 మిల్లీమీటర్లు. వాల్వ్ ఆపాల్సిన పీడనానికి ఇది నాలుగింతలో, అంతకన్నా ఎక్కువో. బిడ్డ ఎదిగి ఎత్తయ్యేకొద్దీ ఈ లాగుడు కూడా పెరుగుతుంది. నెలల బిడ్డకు సరిపోయిన వాల్వే పదేళ్ల బిడ్డకు అతిగా నీరు లాగేది కావచ్చు.

అతిగా లాగితే గదులు చీలికల్లా ముడుచుకుపోతాయి. మెదడు ఉపరితలానికీ పుర్రెకూ మధ్య ఖాళీ ఏర్పడి, అక్కడి చిన్న రక్తనాళాలు తెగి రక్తం చేరవచ్చు. నిలబడితే తలనొప్పి, పడుకుంటే ఉపశమనం ఉంటే సాధారణంగా ఇలాంటి అతి పారుదలను అనుమానిస్తారు. గొట్టం మూసుకుపోయినప్పుడు దీనికి తలకిందులుగా, రాత్రంతా పడుకుని లేచిన తెల్లవారుజామున నొప్పి, వాంతి ఎక్కువ. ప్రతి బిడ్డలోనూ ఇంత స్పష్టంగా ఉండదు గానీ, తల్లి చెప్పే 'పడుకుంటే తగ్గుతోందండీ' అన్న మాటలో భౌతికశాస్త్రం ఉంది. డాక్టరు దాన్ని వినాలి. నీటి స్తంభం లాగుడును అడ్డుకునే సైఫన్ నిరోధక పరికరాలు ఉన్నాయి, అయస్కాంతంతో బయటి నుంచే పీడనం మార్చగల వాల్వులూ ఉన్నాయి. వాటికి వాటి తలనొప్పులున్నాయి. ఎమ్మారై స్కాను తర్వాత పీడనం మారిందేమో సరిచూసుకోవాలి. అయస్కాంతాలున్న హెడ్‌ఫోన్లు, టాబ్లెట్ కవర్లు తలకు మరీ దగ్గరగా పెట్టకూడదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది గొట్టం మూసుకుపోవడం. జఠరికలో ఉండే కొసకు వరుసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నీరు అన్నింటిలోంచీ సమానంగా వస్తుందని అనిపిస్తుంది కదా! ప్రవాహ లెక్కలు వేరే చెబుతాయి. కొసకు దూరంగా, ముందువైపు ఉన్న ఒకటి రెండు వరుసల రంధ్రాలే సగానికి పైగా నీటిని లాగుతాయి. ద్రవాన్ని తయారుచేసే మెత్తని కణజాలం ఆ ప్రవాహంతో పాటు అటువైపే వచ్చి రంధ్రాల్లోకి అల్లుకుంటుంది. కిందివైపు మరో కథ. బిడ్డ ఎదుగుతుంది, గొట్టం ఎదగదు. అందుకే ఆపరేషన్ రోజే కడుపులో అదనపు గొట్టం చుట్టగా వదులుతారు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ సిలికోన్ మీద కాల్షియం పేరుకుంటుంది, మెడ దగ్గర పదే పదే వంగి విరుగుతుంది, అతుకు ఊడుతుంది. అరుదుగా, నూటికి ఒక్కరి కన్నా తక్కువ మందిలో, గొట్టం కొస పేగును తొలుచుకుని మలద్వారం దగ్గర కనిపించిన సందర్భాలను మన దేశపు సర్జన్లు ఎన్నోసార్లు నమోదు చేశారు. అలా కనిపిస్తే లాగకూడదు, కత్తిరించకూడదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ ఒక్క మాట ఆపరేషన్ అయిన ప్రతి ఇంటికీ ముందే చెప్పి ఉంచాలి.

ఈ పరికరాల చరిత్రలో తండ్రులు కనిపించినంతగా మరే వైద్య పరికరం చరిత్రలోనూ కనిపించరేమో. ఫిలడెల్ఫియాలో తాళాల కంపెనీలో పనిచేసే జాన్ హోల్టర్‌కు 1955లో వెన్ను చీలికతో కొడుకు పుట్టాడు. తల ఉబ్బడం మొదలైంది. 1949లో నల్సెన్, స్పిట్జ్ అనే సర్జన్లు వాల్వు షంట్ వేసి చూశారు గానీ నమ్మకంగా పనిచేసే వాల్వ్ ఇంకా రాలేదు. హోల్టర్ డాక్టరు కాదు. రబ్బరు గొట్టానికి సూది గుచ్చి తీస్తే చీలిక దానంతటదే మూసుకుంటుందని గమనించాడు. లోపలి పీడనం పెరిగితే తెరుచుకుని, తగ్గితే మూసుకునే చీలిక వాల్వ్ ఆ గమనికలోంచి పుట్టింది. 1956 నాటికి సిలికోన్‌తో చేసిన వాల్వ్ పిల్లల తలల్లోకి చేరింది. సిలికోన్‌ను శరీరంలో దీర్ఘకాలం ఉంచడంలో అది తొలి అడుగుల్లో ఒకటి. హోల్టర్ కొడుకు అయిదేళ్లకు మించి బతకలేదు. తండ్రి చేసిన వాల్వ్ మాత్రం దశాబ్దాల పాటు ప్రపంచమంతా తిరిగింది.

1960 డిసెంబరులో న్యూయార్క్‌లో రచయిత రోల్డ్ డాల్ నాలుగు నెలల కొడుకు ఉన్న తోపుడు బండిని టాక్సీ ఢీకొట్టింది. తలలో నీరు చేరింది, షంట్ వేశారు, అది మూసుకుపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ మూసుకుపోయింది. చివరికి డాల్, స్టాన్లీ వేడ్ అనే హైడ్రాలిక్ ఇంజనీరు, కెన్నెత్ టిల్ అనే సర్జను ముగ్గురూ కలిసి 1962లో కొత్త వాల్వ్ తయారుచేశారు. లాభం తీసుకోకూడదని ముందే ఒప్పుకున్నారు. అది సిద్ధమయ్యే సరికి డాల్ కొడుకు కోలుకున్నాడు, వాడి అవసరం రాలేదు. వేలమంది ఇతర పిల్లలకు పనికొచ్చింది.

మన దగ్గరా ఈ వరుస ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల సర్జన్ పురుషోత్తం ఉపాధ్యాయ తన పేరుతో ఒక వాల్వ్ రూపొందించారు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ ఆఫ్రికా దాకా వెళ్లింది. ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికన్ సర్జన్ 195 మంది పిల్లల్లో దాన్ని ఒక పాశ్చాత్య కంపెనీ వాల్వుతో పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఒకటి 35 డాలర్లది, రెండోది 650 డాలర్లది. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది మన పరిశ్రమకు గర్వకారణమే. అయితే ఇందులో మరో పాఠం కూడా ఉంది. 1998లో ప్రచురితమైన ఒక పెద్ద పరీక్షలో 344 మంది పిల్లలకు మూడు రకాల వాల్వులు వేసి చూశారు. అందులో రెండు సరికొత్త డిజైన్లు. ఏ రకమైనా ఒకటే ఫలితం. మొదటి ఏడాదిలోనే దాదాపు నూటికి 40 షంట్లు విఫలమయ్యాయి, రెండో ఏడాది ముగిసేసరికి సగానికి పైగా. ఇంజనీర్లు ప్రవాహాన్ని ఎంత చక్కగా లెక్కగట్టినా, అవతల ఉన్నది ఎదుగుతున్న బిడ్డ శరీరం. ఖరీదైన వాల్వ్ కొనలేకపోయామని కుమిలిపోయే తండ్రికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

మెరుగుదల వచ్చింది మెరుపుల్లేని చోట. ఉత్తర అమెరికా ఆసుపత్రుల కూటమి ఒకటి ఆపరేషన్ గదిలో పాటించాల్సిన అడుగులను వరుసగా రాసుకుంది. చేతులు ఎలా కడగాలి, గదిలోకి రాకపోకలు ఎలా తగ్గించాలి వంటి మామూలు విషయాలే. అంతే, ఇన్‌ఫెక్షన్లు 8.8 శాతం నుంచి 5.7 శాతానికి దిగాయి. బ్రిటన్, ఐర్లండ్‌లలో 1,605 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. మామూలు గొట్టాలు వేసినవారిలో 6 శాతానికి ఇన్‌ఫెక్షన్ సోకితే, యాంటీబయాటిక్ పట్టించిన గొట్టాలు వేసినవారిలో 2 శాతానికే సోకింది. ఎంతో ఆశపెట్టిన వెండి పూత గొట్టాలకు మాత్రం మామూలు వాటికి ఉన్నంత ఫలితమే.

ఇన్‌ఫెక్షన్ అంటే ఒక మందుల కోర్సుతో పోయేది కాదు. చర్మం మీద మామూలుగా నివసించే బాక్టీరియా సిలికోన్ మీద జిగురు పొరలా గూడు కట్టుకుంటుంది. మందు ఆ పొరలోకి సరిగా చొరబడదు. షంట్ మొత్తం తీసేయాలి, కొన్నాళ్లు బయటి సంచిలోకి నీరు తీయాలి, ద్రవం శుభ్రమయ్యాక కొత్త షంట్ వేయాలి. అంటే మరో రెండు ఆపరేషన్లు, వారాల తరబడి ఆసుపత్రి.

ఇక్కడే లెక్క తప్పుతోంది. ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు కూడా అందులోనే. షంట్ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం బయటపడేది మొదటి కొన్ని నెలల్లో. మూసుకుపోవడానికి గడువే లేదు, పది రోజులకైనా పదేళ్లకైనా జరగొచ్చు. మళ్లీ ఆసుపత్రిలో చేరితే పథకం ఆదుకుంటుంది, నిజమే. చేరాల్సిన అవసరం ఉందో లేదో తేల్చే రాకపోకలు, స్కాన్లు, పోయిన కూలి మాత్రం ఇంటి జేబులోంచే. బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి బిడ్డకు ఉమీద్ కార్డు ఉంది, రైల్వే ఆసుపత్రి ఉంది. అదే ప్లాట్‌ఫారం మీద కాంట్రాక్టు పని చేసే మనిషి బిడ్డకు ఆ దారి లేదు. తెలుగు రాష్ట్రాల్లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఏడాది పాటు మందులు, పరీక్షలు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఆ ఆలోచన సరైనది. షంట్ పిల్లల విషయంలో ఏడాది కూడా చాలదు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏడాదికి ఒకటి రెండు సార్లు చూపించుకోవడం, అవసరమైన స్కాను, దారి ఖర్చు దేశమంతటా ఒకే ప్యాకేజీగా ఉండాలి.

పథకం పెద్ద మాట. దానికన్నా ముందు కాగితం సంగతి చూడాలి. గర్భిణికి తల్లీబిడ్డల కార్డు ఇస్తాం. షంట్ వేసిన బిడ్డకు అరచేతిలో పట్టే కార్డు ఇవ్వలేమా? ఆపరేషన్ తేదీ, వాల్వ్ పేరు, పీడనం, ఏ పక్కన వేశారు, బాగున్నప్పటి స్కాను, ఫోన్ చేయాల్సిన నంబరు. ఒకవైపు తెలుగులో, మరోవైపు హిందీ, ఇంగ్లీషుల్లో. 14 అంకెల ఆభా ఆరోగ్య సంఖ్య ఇప్పటికే ఉంది, ఈ వివరాలు దానికి జతచేస్తే విశాఖలో వేసిన షంట్ సంగతి బిలాస్‌పూర్‌లో రాత్రి పన్నెండింటికి కూడా తెలుస్తుంది. బాగున్నప్పటి స్కాను ఎందుకంటే, ఒక్క స్కానుతో షంట్ పనిచేస్తోందో లేదో తేలదు. కొందరి గదులు ఎప్పుడూ కాస్త పెద్దగానే ఉంటాయి, కొందరివి షంట్ పూర్తిగా మూసుకుపోయినా ఉబ్బవు. పోల్చి చూడాలి. బ్రిటన్‌లో 1990ల మధ్య నుంచి షంట్లకు జాతీయ రిజిస్ట్రీ ఉంది. వేల షంట్లు వేసే, స్వయంగా తయారుచేసే మన దేశం ఏ షంట్ ఎన్నాళ్లు పనిచేసిందో లెక్కపెట్టుకోకపోవడానికి పేదరికాన్ని సాకుగా చూపలేం.

వార్తాపత్రికల వంతు కూడా ఉంది. 2013లో త్రిపురకు చెందిన ఒక పాప ఫొటోలు ప్రపంచమంతా చూసింది. తల చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. దాతలు కదిలారు, ఆపరేషన్లు జరిగాయి, తల తగ్గింది. అద్భుతం అని రాశారు. 2017లో ఆ పాప చనిపోయిన వార్త లోపలి పేజీల్లో చిన్నగా వచ్చింది. తల తగ్గడం కంటికి కనిపిస్తుంది కాబట్టి ఫొటోకు పనికొస్తుంది. ఆరేళ్ల పిల్ల ఏడాదంతా బడి మానకుండా వెళ్లడం ఎవరికీ వార్త కాదు.

షంట్ లేకుండా కుదరదా అని తల్లిదండ్రులు అడుగుతారు. కొందరికి కుదురుతుంది. ఎండోస్కోపుతో మూడో జఠరిక అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి లోపలే దారి ఇవ్వొచ్చు. వార్ఫ్ ఉగాండాలో దీనికి తోడు ద్రవం తయారుచేసే కణజాలాన్ని కొంత కాల్చే పద్ధతి చేర్చారు. షంట్ పాడైతే గంటల్లో ఆసుపత్రి చేరలేని పల్లెల కోసం ఆయన ఈ దారి వెతికారు. ఆరు నెలల లోపు శిశువులు 100 మందిలో షంట్‌తో పోల్చి చూసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఏడాది తర్వాత పిల్లల మానసిక ఎదుగుదలలో తేడా లేదు. ఇది అందరికీ సరిపడదు. నెలల శిశువుల్లో, ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చిన జబ్బులో రంధ్రం మూసుకుపోయే అవకాశం ఎక్కువ. కానీ ఆసుపత్రి ఎంత దూరమన్న ప్రశ్నను చికిత్స ఎంపికలో భాగం చేయడం వార్ఫ్ దగ్గర నేర్చుకోవాల్సిన విషయం. అబూజ్‌మాడ్ అడవుల్లోని బిడ్డకూ రాయ్‌పూర్ ఎయిమ్స్ పక్క వీధిలోని బిడ్డకూ ఒకే సలహా సరిపోదు.

కొన్ని కేసులు అసలు రాకుండా ఆపొచ్చు. గర్భం మొదలైన 28 రోజుల్లోపే శిశువు వెన్ను గొట్టం మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అందుకే ఫోలిక్ యాసిడ్ పెళ్లయిన వెంటనే, గర్భానికి ముందే మొదలుపెట్టాలి. మూడో నెలలో ఆశా కార్యకర్త ఇచ్చే మాత్ర మంచిదే, ఈ పనికి మాత్రం ఆలస్యం.

ఇక షంట్ ఉన్న ఇంట్లో గోడకు అంటించుకోదగ్గవి. కారణం తెలియని వాంతులు, ముఖ్యంగా పొద్దున్నే. ఎన్నడూ లేనంత నిద్రమత్తు, లేదా ఆగని ఏడుపు. పసిబిడ్డకు మాడు ఉబ్బడం, కళ్లు కిందికే వాలి పైకి చూడలేకపోవడం. మూర్ఛ. జ్వరం, గొట్టం వెంబడి ఎరుపు, కడుపునొప్పి. బడికెళ్లే పిల్ల చదువు, నడక నెలల్లోనే మందగించడం. ఇవి కనిపిస్తే అజీర్తి మందు వేసి రేపటిదాకా చూడటం పనికిరాదు. దిష్టి తీస్తానంటే నానమ్మను తీయనివ్వండి, రెండు నిమిషాల పని. ఈలోగా ఆటోను పిలవండి, కార్డు చేతిలో పెట్టుకోండి. అవతల డాక్టరు వైరల్ జ్వరమేలే అంటే, 'తలలో షంట్ ఉందండీ, అది పనిచేస్తోందని తేలేదాకా మేం వెళ్లం' అని మర్యాదగానే, గట్టిగా చెప్పండి. హిందీలో చెప్పాల్సి వస్తే ఆ వాక్యాన్ని ముందే నేర్చుకుని ఉంచుకోండి.